అసలు ఇంజన్

“బాగుచెయ్యొద్దు మేస్త్రిగారూ. తీసి పడేసి వేరే ఇంజన్ పెట్టండి,” అందామె.

మేస్త్రి చేతిలో పానా అలాగే ఆగిపోయింది.

నలభై ఐదేళ్ళ నాటి కారు. షెడ్డు మధ్యలో బోనెట్ తెరుచుకుని నిలబడి ఉంది. ఆర్నెల్లు కదలకపోయేసరికి ఇంజన్ పట్టేసింది. ఆయిలు నల్లటి జిగురై అడుగున పేరుకుంది. ఇంజన్ సందుల్లో ఎలక ఒకటి చచ్చినట్టుంది, ముక్కు పగిలిపోతోంది. ఆ కంపుకంటే ఆమె మాటే మేస్త్రికి ఎక్కువ రోతగా తోచింది.

ఆ ఇంజన్ని విప్పి బిగించింది ఆమె భర్తే. మేస్త్రి ఆయన్ని ‘సారు’ అనేవాడు. ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం. అయినా ఆదివారం వస్తే చాలు, ఇక్కడికొచ్చి చొక్కా చేతులు మడిచి, ఒక్కో బోల్టూ తనే బిగించుకునేవాడు. ఒక్క చుక్క ఆయిలు కింద పడనిచ్చేవాడు కాదు. పసిబిడ్డకి నీళ్ళు పోసినంత నెమ్మదిగా పోసేవాడు.

“అమ్మా, పోయిన మనిషి చేతిపని ఇది,” అన్నాడు మేస్త్రి. “బ్లాకు గట్టిగానే ఉంది. బోరు చేయించి పిస్టన్లు మారిస్తే ఇంకో ఇరవయ్యేళ్ళు తిరుగుతుంది. పళ్ళు పాడైతే పళ్ళు కట్టించుకుంటాం గాని, తల మార్చుకోం కదా.”

ఆమె నవ్వలేదు.

“వేరేది పెడితే చప్పుడు మారుతుందా?”

“మారకేం? కుట్టుమిషన్లా ఉంటుంది.”

“అదే కావాలి.”

“పోనీ బండే అమ్మెయ్యండి. మోజున్నవాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకుంటారు.”

“బండి అత్తయ్యది. మామయ్యగారు ఆవిడకోసం కొన్నది. ఆ మోకాళ్ళతో ఆవిడ బస్సు మెట్టు ఎక్కలేరు. బండి కావాలి, ఇంజనే వద్దు.”

మేస్త్రి షెడ్డు ముందుగదిలోకి చూశాడు. సారు తల్లి అక్కడ బల్లమీద కూర్చుని ఉంది. ఆవిడ ఎడమ మణికట్టు ఎప్పుడో విరిగి, వంకరగా అతుక్కుంది. కోడలు వెళ్ళి ఫ్లాస్కులోంచి టీ పోసి, నోటితో ఊది చల్లార్చి, చూసుకుని మరీ కుడిచేతికి అందించింది. ఆ ఒక్క పనీ ఒద్దికగానే చేసిందని మేస్త్రి మనసులో ఒప్పుకున్నాడు.

“పెద్దమ్మగారూ, మీరైనా చెప్పండి. మీ అబ్బాయి గుర్తండీ అది.”

ఆవిడ కప్పులోకి చూస్తూనే అంది. “కోడలు చెప్పినట్టే చెయ్యి నాయనా.”

ఛీ అనిపించింది మేస్త్రికి. కట్టుకున్నదీ అంతే, కన్నదీ అంతే. పైకి మాత్రం “సరే” అన్నాడు. వాళ్ళు వెళ్ళగానే కాలవలో ఉమ్మేసి వచ్చాడు.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ పెళ్ళాంతో చెప్పాడు. “మనిషి పోయి ఆర్నెల్లేగా అయింది. వాసన కూడా మిగలకుండా కడిగేసుకుంటున్నారే.”

“నువ్వు పోతే నీ చొక్కాలు నేనూ పారేస్తా. ఆ గ్రీజు ఈ జన్మకి వదలదు,” అంది ఆమె, కూర వడ్డిస్తూ.

మేస్త్రికి నవ్వు రాలేదు. అప్పటికే నిర్ణయించేసుకున్నాడు. వేరే ఇంజన్ కోసం ఎవర్నీ అడగలేదు. సారు ఇంజన్నే విప్పాడు.

మూడు వారాలు పట్టింది. అడుగున పేరుకున్న జిగురుని రేకుముక్కతో గీకాడు. ఎలక బొచ్చు వేళ్ళతో ఏరాడు. ఎన్నిసార్లు సబ్బు రుద్దినా గోళ్ళల్లో కంపు వదల్లేదు. ముద్ద నోటి దగ్గరికి తెస్తే డోకొచ్చేది. అలా వచ్చినప్పుడల్లా ఆ ఇద్దరు ఆడవాళ్ళ మొహాలే కళ్ళముందు ఆడేవి. బ్లాకు లేతు షాపులో ఇచ్చి బోరు చేయించాడు. కొత్త పిస్టన్లు, కొత్త రింగులు వేశాడు.

చివర్న ఒక్క పని మిగిలింది.

సారు ఒక వాల్వు దగ్గర సందు కాస్త ఎక్కువ వదిలేవాడు. అది తప్పని మేస్త్రికి తెలుసు, సారుకీ తెలుసు. దానివల్ల మూడు దెబ్బలు మెత్తగా పడి, నాలుగోది ‘టక్’మనేది. ఊళ్ళో ఏ బండికీ ఆ చప్పుడు లేదు.

“సరిచేసేద్దాం సార్,” అని ఒకసారి అడిగాడు.

“వద్దు మేస్త్రీ. నేనొస్తున్నానని ఇంట్లో తెలియాలి,” అన్నాడు సారు, గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ నవ్వి.

మేస్త్రి అంతే సందు కొలిచి వదిలాడు.

మర్నాడు పొద్దున్నే వాళ్ళని రమ్మన్నాడు. అత్తాకోడళ్ళు ముందుగదిలో బల్లమీద కూర్చున్నారు. కోడలి మొహం తేటగా ఉంది. ఈసారి ఇద్దరికీ ఒకే కప్పు తెచ్చుకున్నారు, చెరో గుక్కా తాగుతూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. చూడగానే మేస్త్రికి ఒళ్ళు మండింది.

“ఇప్పుడే తెస్తానమ్మా, కూర్చోండి,” అన్నాడు.

వెనక గేటులోంచి కారు తీశాడు. కావాలనే సందు చుట్టూ తిప్పుకొచ్చాడు. సారు ఎప్పుడూ వచ్చే మలుపులోంచే రావాలి. ఆ చప్పుడు వినబడ్డాక కూడా కంట్లో తడి రాకపోతే వాళ్ళసలు మనుషులే కాదు.

ఇంజన్ వెన్నలా తిరుగుతోంది. మూడు దెబ్బలు మెత్తగా, నాలుగోది టక్. మూడు మెత్తగా, టక్.

మలుపు తిరిగి, గుమ్మం ముందు ఆపి, అద్దంలోంచి ముందుగదిలోకి చూశాడు.

బస్సు మెట్టు ఎక్కలేని ఆ ముసలావిడ ఒక్క ఉదుటున లేచి, కోడల్ని తన వీపు వెనక్కి తోసేసి, ఆ వంకర చెయ్యి గుమ్మానికి అడ్డంగా చాచి నిలబడి ఉంది.