క్యారెట్లకు అర్హత

“నోరు తెరవమనమ్మా ఆయన్ని,” అన్నాడు డాక్టరు.

కోడలు చెప్పకముందే మామగారు తెరిచారు. డాక్టరు పై పళ్లూ కింది పళ్లూ తడిమి చూసి పెదవి విరిచాడు.

“వయసు బాగా మీద పడింది. ఇప్పుడు కొత్తగా పేరు రాయడం కష్టం.”

“అలా అనకండి డాక్టరుగారూ! షుగరుతో కాలు పోయేలా ఉంది. పంచదార, మొక్కజొన్న పిండి మానేసి కూరగాయలు తింటే ఉంటుందట, లేకపోతే తీసేస్తామంటున్నారు పెద్దాసుపత్రిలో.”

“మానేయొచ్చుగా?”

“మానేసి ఏం తినమంటారు? రాయితీలన్నీ చెరకుకీ మొక్కజొన్నకీ ఇస్తిరి. ఆ రెండూ మట్టికన్నా చవక. క్యారెట్లేమో నగల కొట్టులో అమ్మాల్సిన ధరకి పోయాయి. మీ దగ్గర పేరుంటే ప్రభుత్వం ఊరికే ఇస్తుందని పక్కింటావిడ చెప్పింది.”

అబద్ధం కాదు. గది మూల గోనెసంచుల నిండా క్యారెట్లు, బీట్‌రూట్లు. తడిగుడ్డ కింద ఆకుకూరలు. మామగారి చూపు అక్కడే అతుక్కుపోయింది.

డాక్టరు రబ్బరు బూట్లతో ఆయన చుట్టూ ఓసారి తిరిగాడు. వీపు చరిచాడు. కాలు ఎత్తి గోళ్లు చూశాడు.

“బరువు లాగుతాడా?”

ఆ ఏకవచనానికి కోడలికి చివుక్కుమంది. అవసరం తనది కాబట్టి మింగేసింది.

“ఇంటి బరువంతా ఇన్నేళ్లూ ఈయనే లాగారండీ.”

“కోపమొస్తే మీద పడతాడా?”

“మాటలతోనేనండీ. అదీ మా అత్తగారు వినకుండానే.”

మామగారికి రోషం వచ్చింది. “దుంపముక్క కోసం ఇంత అవమానమా! పద, ఇంటికి పోదాం.”

“ఊరుకోండి మామయ్యా. ముందు కాలు దక్కనివ్వండి, రోషం తర్వాత పడొచ్చు.”

డాక్టరు ఆ వాచిన పాదం వైపు కాసేపు చూశాడు. మనసు కరిగినట్టుంది.

“పట్టుబడితే నా ఉద్యోగం ఊడుతుందమ్మా. తనిఖీకి ఎవరొచ్చినా ఈయన ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. సరేనా?”

“ఆ చింత మీకొద్దు. మా ఇంట్లో ఆయనకి అది బాగా అలవాటే.”

డాక్టరు సైగ చేయగానే కాంపౌండరు మామగారి కుడిచెవికి నంబరున్న పసుపు బిళ్ల తగిలించి, నోటికి ఓ క్యారెట్ అందించి, వరసలో తర్వాత ఉన్న గేదెను లోపలికి తోలాడు.