గాలి ఓడ మార్కు

“తప్పంట! వాళ్ల ఆన్సర్ ‘కీ’ల తప్పని ఇచ్చిండ్రు, సూడు!”

వర్షిత ఫోన్‌ను బల్ల మీదికి తోసింది. నల్లగొండ లైబ్రరీలో చదువుకుంటున్నవాళ్లంతా తలలెత్తారు.

హాస్టల్ వార్డెన్ పరీక్షలో నలభై రెండో ప్రశ్న అది. ‘రెండు ప్రపంచ యుద్ధాల మధ్య అమెరికా నౌకాదళపు ఎయిర్‌షిప్ గాల్లోనే విమానాలను వదిలి, గాల్లోనే తిరిగి పట్టుకునేది.’ నిజమా, తప్పా? వర్షిత నిజమని పెట్టింది. ఆ ఒక్క మార్కు తగ్గి తాత్కాలిక లిస్టులో ఆమె పేరు లేదు. వచ్చే నెలతో వయసు కూడా దాటిపోతుంది.

ఐదేళ్లుగా ఆమె పక్క కుర్చీలోనే చదువుతున్న అల్మాస్ పేరు మాత్రం లిస్టులో చిట్టచివర ఉంది.

“అబ్జెక్షన్ పెడదాం అక్కా. రేపటిదాంక టైముంది,” అంది అల్మాస్.

“ఇంగ్లీషుల రాయాలె. నాతోని అయితదా?”

“నేను రాస్త. నువ్వు చదివింది చెప్పు.”

వర్షిత చేతులు తిప్పుతూ చెప్పింది. “పే...ద్ద గాలి ఓడ. దాని కడుపుల చిన్న చిన్న విమానాలు. కిందికి ఒక కడ్డీ దించుతరు. విమానం నెత్తిన కొక్కెం ఉంటది. ఓడ ఎంత జోరుల పోతాంటే విమానం గంతే జోరుల కిందికొచ్చి ఆ కడ్డీకి తగులుకుంటది. లోపలికి గుంజుకుంటరు. సముద్రం మీద తిరిగేటప్పుడైతే విమానాల చక్రాలు గూడ తీసేసెటోళ్లు.”

“మరి ఓడ దొరక్కపోతే?”

“నీళ్లల్ల పడుడే.”

అల్మాస్ పాత ఫొటోలు వెతికింది. నౌకాదళం రికార్డులు వెతికింది. మూడు పేజీలు టైపు చేసి, మొదటి నుంచి మళ్లీ చదవసాగింది.

“ఎన్నిసార్లు సదువుతవ్? పంపు జల్ది,” వర్షిత విసుక్కుంది. “లిస్టుల పేరున్నోళ్లకు ఏం ఫికర్! కడుపు కాలేది నాకు.”

అల్మాస్ పంపేసింది.

ఇరవై రోజులకు ఫైనల్ లిస్టు వచ్చింది. నలభై రెండో ప్రశ్నకు జవాబు మార్చారు. అన్నిటికన్నా అడుగున వర్షిత పేరు. అది కనబడ్డాక ఆమె ఇంకేమీ చూడలేదు. ఆటో దిగి లైబ్రరీలోకి ఒక్క ఉరుకున వచ్చింది.

అల్మాస్ అదే కుర్చీలో కూర్చుని నోట్సు రాసుకుంటోంది.

“అల్మాస్! ఎవల్దో పేరు తీసేసి నాది పెట్టిండ్రే! ఇద్దరం ఒక్క జాగకే పోస్టింగ్ అడుగుదాం. ఇంగ గా పుస్తకం ఎందుకు, మూసెయ్!”

అల్మాస్ పుస్తకం మూయలేదు.

“నేను ‘తప్పు’ అని పెట్టిన అక్కా.”