ఉప్పు చల్లిన మడులు

డిసెంబరు 21. ముసురు విడిచి ఎండ కాసింది. బావి తాడు మార్చాను.

పొద్దున్నే ధరణి మేడమ్ వచ్చింది. ఉప్పునేలలో ఏ వరి బతుకుతుందో చూడటానికి తడ దగ్గర మా పొలంలో ఏడు రకాలు ఏడు మడుల్లో నాటించిన శాస్త్రవేత్త ఆమె. ఈసారి వానలకు నేలలోని ఉప్పంతా కొట్టుకుపోయింది. పరీక్ష వేరే ఊరికి మారిస్తే మాకు విత్తనం దొరకదని భయపడి, పోయిన నెల నేనూ నా భార్య ఆనందమ్మా ఎవరికీ చెప్పకుండా కల్లుప్పు తెచ్చి మడుల్లో చల్లాం.

"ఉప్పు పోవల్లని ఇన్నేండ్లు మొక్కుకుంటిమి. పోతే, మనమే కొని సల్తుండాము. దేవుడు ఏమనుకోవల్ల?" అంది ఆనందమ్మ అప్పుడు.

ఇవాళ చూస్తే ఆరు మడులు మాడిపోయాయి. చివరిది పచ్చగా ఊగుతోంది.

మేడమ్ చెప్పులు విడిచి అందులోకి దిగింది. "ఒకే నేల, ఒకే ఉప్పు. తేడా అంతా విత్తనంలోనే ఉండాది, పెద్దాయనా! వచ్చే ఏడు సముద్రం పక్క ఊళ్ళన్నిటికీ ఇదే ఇస్తాము," అంది. ఆమెకు కళ్ళనీళ్ళు వచ్చాయి. నాకూ ఆగలేదు.

జీపు వెళ్ళాక, "ఏమ్మే, ఉలకవు పలకవు?" అని ఆనందమ్మను అడిగాను.

"ఆ మడికి నేను ఉప్పు సల్లలేదు. పిలకలేసి ముద్దుగా ఉండె. సెయ్యి రాలేదు."

నిజం చెప్పేద్దామని వెంటనే మేడమ్‌కు ఫోన్ చేశాను.

"చెప్పండి పెద్దాయనా!"

"భోంచేసినారా మేడమ్?"

"యాడ! మీ మడి సంగతే అందరికీ చెప్తా ఉండాను."

సాయంత్రం గొడ్లకు గడ్డి వేశాను.