అంజన్ బాణీ

"నీ సొంత వాయింపుడు ఇయ్యాల బంద్ పెట్టు! రికార్డుల ఎట్లున్నదో గట్లనే వాయించు" అని బాబురావు గొంతు తగ్గించి కసిరాడు.

శాలిబండలో నవాబు గారి దేవిడీ తోట అది. ఎండ వాలుతోంది. అతిథుల మధ్య చాయ్ కప్పులు తిరుగుతున్నాయి. షామియానా కింద బాబురావు బ్యాండు రెండో పాట ముగించి ఊపిరి తీసుకుంటోంది. తరువాతది జాజ్. దాని నడుమ అంజన్ ఒక్కడే గిటార్ వాయించాలి.

"రికార్డుల ఉన్నది రికార్డుల ఉండనే ఉన్నది గద మాస్టర్. మళ్ల నేనెందుకు?"

"మాటలు మస్తు నేర్చినవ్. ముందు వరుసల తెల్ల సూటాయన్ని చూడు. అద్దాలు పెట్టుకున్నడే, ఆయన. బొంబాయి నుంచి రికార్డుల కంపెనీ సాబ్ ఇయ్యాల వస్తడని నవాబు సాబ్ చెప్పలే? నచ్చితే తోలుకపోతడు. నచ్చకపోతే జిందగీ అంత పెండ్లి బరాత్‌లల్లనే నీ గిటార్."

"అందుకే నాది వాయిస్త."

అసలు సంగతి అంజన్ చెప్పలేదు. రికార్డులో ఉన్న ఆ వేగమైన స్వరాల పరుగు అతని చేతికి ఇప్పుడు అందడం లేదు. ఎడమ చిటికెన వేలూ ఉంగరపు వేలూ పూర్తిగా చాచుకోవడం మానేశాయి. రాత్రింబవళ్లు వాయిస్తే అంతే కాబోలు అనుకున్నాడు. పరుగు పోతే పోయిందని, ఆ వేళ్లతోనే తీగను బలంగా అదిమి పక్కకు లాగడం మొదలుపెట్టాడు. స్వరం బొంగురుగా విరిగి, ఏడుపు మింగుకున్నట్టు సాగింది. అలాంటి మోత అతను ఏ రికార్డులోనూ వినలేదు. ఇన్నేళ్లూ ఎవరెవరి పాటలో అప్పజెప్పినవాడికి మొదటిసారి తనదంటూ ఒకటి దొరికింది.

"అయ్యో, అన్నా! నీ చేతికి రక్తం!" అంది పియానో ముందు కూర్చున్న లీలమ్మ.

అంజన్ చేయి తిప్పి చూసుకున్నాడు. చిటికెన వేలి కొన తెగి ఉంది. తీగ మీద కూడా ఎరుపు.

"తీగ కోసినట్టున్నది. నాకు తెల్వనే లేదు" అని వేలిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"కాయలు కాసిన వేళ్లమ్మా అవి" అన్నాడు బాబురావు. కోపంలో కూడా గొంతులో కాస్త గర్వం పలికింది. "నొప్పి తెల్వని దినం గిటార్ చేతికొచ్చినట్టే అని వానికి చెప్పింది నేనే. సరే, మొదలువెట్టుండ్రి. అంజన్, రికార్డే! యాదుంచుకో."

పాట మొదలైంది. గిటార్ వంతు వచ్చింది. అంజన్ కళ్లు మూసుకుని తనదే వాయించాడు.

ముందు చెంచాల చప్పుడు ఆగింది. తరువాత మాటలు ఆగాయి. ఒక్కో స్వరం తీగ మీద నుంచి లేవలేక లేస్తోంది, లేచాక పడటం లేదు. తెల్ల సూటాయన కుర్చీ అంచుకు జరిగాడు. అంజన్ మొహం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన చూపంతా ఎడమ చేతి మీదే.

చప్పట్లు మోగాయి. బాబురావు దస్తీతో మెడ తుడుచుకున్నాడు.

"సైతాన్! ఎవనిదిరా గా బాణీ?"

"నాదే మాస్టర్."

ఆ మాట అనడం కోసమే ఇంతకాలం బతికినట్టు అన్నాడు.

తెల్ల సూటాయన సరాసరి అంజన్ దగ్గరికి వచ్చి, భుజం తట్టి, దేవిడీ వరండాలోకి తీసుకెళ్లాడు. వెనక బాబురావు చేతులు జోడించి పైకి చూశాడు.

"ఆ బాణీ ఎవరు నేర్పారు బాబూ?"

"ఎవ్వరు నేర్పలే సార్. నా వేళ్లల్లనే పుట్టింది."

"ఎప్పటి నుంచి?"

"మొన్న ఎండకాలం సంది."

"ఇనప తీగలు కదా. నొప్పి పుట్టదూ?"

"మొదట్ల మస్తు పుడుతుండె. ఇప్పుడు పొద్దంత వాయించినా ఏం తెల్వదు సార్."

ఆయన అంజన్ మోచేతిని పట్టుకుని, లోపలివైపు నరాన్ని వేలితో నెమ్మదిగా తడిమాడు. బొంబాయోళ్ల పరీక్ష గిట్ల ఉంటది గావచ్చు అనుకుని అంజన్ కదలకుండా నిలబడ్డాడు. ఆయన సిగరెట్ పెట్టె తీశాడు. అంజన్ కుడి చేయి చాచాడు.

"ఆ చెయ్యి కాదు. ఎడమది."

అంత పెద్దమనిషి తన చేతి మీద మోజు పడ్డాడు! అంజన్‌కు సిగ్గు ముంచుకొచ్చింది. శాలిబండ కుర్రాళ్ల పద్ధతిలో సిగరెట్‌ను ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ మధ్య ఇరికించి, పిడికిలి మూసి దమ్ము లాగాడు. ఇక మాటలు ఆగలేదు.

"ఇంకా ఉన్నయి సార్, గిసుంటివే. మీరు వింటనంటే ఇప్పుడే వినిపిస్త. బొంబాయికి రమ్మంటే రేపే బండెక్కుత. ఇంటిదానికి చెప్పుడు ఒక్కటే బాకీ..."

ఆయన సిగరెట్ నిప్పునే చూస్తున్నాడు. అది పొట్టిదై, వేళ్ల సందుకు చేరింది.

అంజన్ ముక్కు ఎగబీల్చాడు.

"బావర్చీఖానల ఏదో మాడుతున్నట్టున్నది సార్" అని నవ్వుతూ వంటశాల వైపు తల తిప్పాడు.

ఆయన గబుక్కున వంగి, ఆ వేళ్ల మధ్య నుంచి సిగరెట్ ముక్కను లాగి పారేశాడు. చర్మం నల్లగా కాలి పొగ కక్కుతోంది. అంజన్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"నేను బొంబాయి నుంచి రాలేదు బాబూ" అన్నాడాయన ఆ చేతిని వదలకుండా. "కుష్ఠు దవాఖాన డాక్టర్ని."