తిట్ల ఫోను

ఫోను మోగగానే సభ్యులందరూ ఉపాధ్యక్షుడి వంక చూశారు. ఆయన కార్యదర్శి వంక గుర్రుగా చూశాడు.

“ఎత్తకండి. ముందు తీర్మానం సంగతి తేలనివ్వండి,” అన్నాడు.

తీర్మానం ఆ ఫోను గురించే. పురపాలక సంఘం సమావేశాలు ఇకమీదట జనమంతా వినేలా జరగాలనీ, ఎవరైనా ఫోను చేసి ప్రశ్న అడగవచ్చనీ, అడిగినవాళ్ల పేరూ ఊరూ ఆరా తీయకూడదనీ పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కొన్నాళ్లు నడిపి చూసి, నచ్చకపోతే మానేయవచ్చన్న వెసులుబాటు కూడా అందులోనే ఉంది. మానేయడానికి చాలామంది ఆ రోజే సిద్ధమయ్యారు. కార్యదర్శి మాత్రం కూతురి పెళ్లి నెత్తిన వేసుకున్నవాడిలా హడావుడి పడిపోయి, బల్ల మీద ఫోను పెట్టించాడు. దాని మాటలు వీధిలోకి కూడా వినపడేలా గుమ్మం పక్కన లౌడ్‌స్పీకరు బిగించాడు. కనిపించిన గోడ మీదల్లా నంబరు రాయించాడు. తీరా చూస్తే ఫోను చేసేది ఒకే ఒక్క మనిషి. ఎవరో పెద్దావిడ.

ఆవిడది కంచు కంఠం. మొహమాటం అనేది ఆవిడ ఛాయలకు కూడా వచ్చినట్టు లేదు. మొదటిసారే, వీధి దీపాలు వెలగక తాను గోడలు తడుముకుంటూ నడుస్తుంటే అధ్యక్షురాలు కుర్చీలో కూర్చుని గోళ్లు గిల్లుకుంటోందా అని అడిగేసింది. వీధిలో జనం ఘొల్లున నవ్వారు. అధ్యక్షురాలి ముఖం కందగడ్డ అయింది.

నిజానికి ఆ దీపాల కోసం ఆమె ఇంజనీరు చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పింది. ఆయన ప్రతిసారీ “చూద్దాం మేడం” అనేవాడు. ఆ చూడటం ఎప్పటికీ అయ్యేది కాదు. ఇప్పుడు ఊరంతా వింటుండగా ఆమె ఆయన వైపు తిరిగి, దీపాలు ఎప్పటికి వెలుగుతాయో ఆ పెద్దావిడకే చెప్పమంది. మర్నాడు సాయంత్రానికల్లా దీపాలు వెలిగాయి.

తర్వాతి సమావేశంలో పగిలిన నీళ్ల పైపు. ఆ తర్వాత బస్టాండు దగ్గర చెత్త గుట్ట. తిట్లు అధ్యక్షురాలికి, పరుగులు మిగతావాళ్లకి. ఇదీ వరస. చెత్త దగ్గరికి వచ్చేసరికి ఉపాధ్యక్షుడికి ఒళ్లు మండింది. ఎందుకు మండదు మరి? చెత్త ఎత్తే కాంట్రాక్టు ఆయన బావమరిదిది.

అందుకే ఈ రోజు ఆయన లేచి నిలబడి, అధ్యక్షపీఠానికి జరుగుతున్న అవమానం కళ్లారా చూడలేకపోతున్నానన్నాడు. ఫోను ఆగి మళ్లీ మోగుతుంటే, దాన్ని మించి గొంతు పెంచాడు.

“ఇంట్లో అత్తగారు కూడా ఇన్ని మాటలు అనరు మేడం.”

“అవునండీ,” అంది అధ్యక్షురాలు దిగులుగా. “ఇంట్లో మా అత్తగారు నన్ను పల్లెత్తు మాట అనరు.”

చేతులెత్తమంటే సభ సరిగ్గా రెండుగా చీలింది. ఇక తేల్చాల్సింది అధ్యక్షురాలే. కార్యదర్శికి పై ప్రాణాలు పైనే పోయాయి. తలుపులు బిగించుకుని, నలుగురూ గుసగుసలాడి, టీ తాగి లేచిపోయే పాత సమావేశాలు ఆయన చాలా చూశాడు. ఫోను పోతే మళ్లీ అవే రోజులు. ఆ తిట్లు తినే మనిషినే ఫోను ఉండనివ్వమని ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు పాపం?

“ముందు ఫోను ఎత్తండి. ఆవిడ ఏమంటుందో విని చెబుతాను,” అంది అధ్యక్షురాలు.

మళ్లీ మోగుతున్న ఫోనును కార్యదర్శి ఎత్తాడు.

“ఏమ్మా, ఫోను పీకేస్తారటగా?” కంచు కంఠం వీధి చివరిదాకా వెళ్లింది. “నాలుగు మాటలకే బెదిరిపోయేదానివి ఆ కుర్చీ ఎందుకు ఎక్కావు? నిన్ను కట్టుకున్న ఆ అమాయకుణ్ణి తలుచుకుంటే నాకు జాలేస్తోంది. బస్టాండు దగ్గర చెత్త ఎత్తాల్సినవాడెవరు? ఎత్తకుండా కూర్చోబెట్టి మేపుతున్నదెవరు? చేతనైతే చెప్పి, అప్పుడు పీకెయ్.”

అధ్యక్షురాలు చేతిరుమాలులో ముఖం దాచుకుంది. భుజాలు అదిరిపోతున్నాయి. ఎవరో మంచినీళ్లు అందించారు. మొగుణ్ణి కూడా లాగడం మరీ అన్యాయమని ఇంజనీరే బాధపడ్డాడు. ఇక అయిపోయిందనుకున్నాడు కార్యదర్శి.

ఆమె ముఖం తుడుచుకుని తల ఎత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఇప్పుడు తీసేస్తే తిట్లకు జడిసి తీసేశాననుకుంటారు. ఫోను ఉంటుంది. కాంట్రాక్టరు ఎవరో ఉపాధ్యక్షులవారు చెబుతారు.”

ఉపాధ్యక్షుడు కూలబడ్డాడు. ఆయన జవాబు చెప్పేలోపే ఫోను మళ్లీ మోగింది. ఈసారి గొంతు వేరు. సైకిళ్లు బాగుచేసే ఆయనట. అంత పెద్దావిడే అడుగుతుంటే తనకేం భయమని చేశాడట. ఆయనకీ ఆ చెత్త సంగతే కావాలి. ఆయన పెట్టగానే బడి పంతులమ్మ, ఆవిడ పెట్టగానే మందుల షాపు ఆయన. ఊరు ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందో గానీ ఒక్కసారిగా నోరు విప్పింది. కార్యదర్శి ముఖం చేటంత అయింది. ఇక ఈ ఫోనును ఎవడూ కదిలించలేడని ఆయనకు నమ్మకం కుదిరింది.

సమావేశం అయ్యాక మెట్లు దిగుతూ కార్యదర్శి, ఆ పెద్దావిడ మాటలు మనసులో పెట్టుకోవద్దని అధ్యక్షురాలిని బతిమాలాడు. పెట్టుకోనని ఆమె మాటిచ్చింది.

ఇంటికి వెళ్లగానే చెప్పులు విప్పి, గ్లాసుడు వేడి నీళ్లు పట్టుకుని వెనక గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

“వచ్చేసారి ఇంకాస్త గట్టిగా తిట్టండి అత్తయ్యా.”