ఖాళీ మీటలు

"మళ్లీ" అన్నాడు కీబోర్డు మాస్టారు.

అద్దానికి అవతల, మైకు ముందు నిలబడ్డ భార్య దగ్గు ఆపుకుని మళ్లీ అంది. "ఏమయ్యా, గొడుగు తీసుకెళ్లు."

"విసుగు చాల్లేదు. ఇంట్లో అన్నట్టు అను."

"ఇంట్లో అయితే నీ మొహాన విసిరేదాన్ని గొడుగు!"

"అదీ! ఆ గొంతే కావాలి. కానివ్వు."

పక్కనే కూర్చున్న సౌండ్ ఇంజనీరు తల పట్టుకున్నాడు. పొద్దుట్నుంచీ ఇదే వరస. పల్లవి లేదు, చరణం లేదు. 'తలుపేసుకో', 'ఉప్పెక్కువైంది', 'ఇక పడుకో'... అన్నీ చిల్లర మాటలు. ఒక్కో మాటా కత్తిరించి కీబోర్డులో ఒక్కో మీటకు అంటగట్టడం. ఆ మీట నొక్కితే ఆ మాట పలుకుతుంది.

ఒకప్పుడు ఎవరి పాటకైనా మాస్టారి వేళ్లే దిక్కు. వాన కురవాలన్నా, రైలు కూయాలన్నా, గదినిండా వయొలిన్లు ఏడవాలన్నా ఆయనే. పేరు మాత్రం ఇంకెవరిదో. తర్వాత సొంతంగా పాటలు తీసి చేతులు కాల్చుకున్నాడు. ఇప్పుడు పిలిచే నాథుడు లేడు. ఎవరెవరినో బతిమాలి ఈ స్టూడియో ఇవాళ ఒక్కరోజుకు దొరకబుచ్చుకున్నాడు. సాయంత్రంలోగా మీటలన్నీ నిండాలి. ఇంకా సగం ఖాళీ.

"ఇదేం పిచ్చి అన్నా? ఎవరు కొంటారు దీన్ని?" అన్నాడు ఇంజనీరు.

"ఒక్కరు వాడితే చాల్రా."

"ఒక్కరి కోసం వదిన గొంతు చీల్చేస్తావా? మిగతావి రేపు చేద్దాం."

"రేపు కుదరదు."

"పోనీ ఎల్లుండి..."

"కుదరదన్నానా!" అని అరిచాడు మాస్టారు. మరుక్షణమే అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఆపకురా. నీకు పుణ్యముంటుంది."

ఇంజనీరు మైకులో ఆమెకే చెప్పాడు. "వదినా, ఈయన మనిషి కాదు, కసాయి. నువ్వు బయటికొచ్చెయ్."

ఆమె గుక్కెడు నీళ్లు తాగింది. మింగుడుపడక మొహం చిట్లించింది. "కసాయిని కట్టుకున్నాక తప్పుతుందా మరిదిగారూ! ఇంకేం కావాలయ్యా?"

"మన అమ్మాయిని పిలు. 'పిచుకా' అని. కోపంగా ఒకటి, ముద్దుగా ఒకటి."

కోపం ఇట్టే వచ్చింది. ముద్దు దగ్గర గొంతు పట్టేసింది. గాలి తప్ప మాట రాలేదు.

"మళ్లీ."

ఈసారీ గాలే.

"మళ్లీ" అన్నాడు మాస్టారు, నిర్దాక్షిణ్యంగా. వచ్చేదాకా వదల్లేదు.

పొద్దు వాలింది. తర్వాత స్టూడియో బుక్ చేసుకున్నవాళ్లు తలుపు దబదబా బాదుతున్నారు. ఒక్క మీట మిగిలింది.

"నవ్వు" అన్నాడు.

"ఏం చూసి నవ్వను? నీ మొహం చూసా?"

"అదే చూడు."

చూసింది. అద్దానికి ముక్కు అదిమిపెట్టి, ఏడవలేక పళ్లికిలిస్తున్న మొహం. ఫక్కున నవ్వేసింది. పొద్దుట్నుంచీ పట్టేసిన గొంతు ఆ నవ్వుకి మాత్రం తెరుచుకుంది.

"వచ్చేసింది!" అని ఇంజనీరు మీట నొక్కి చూశాడు. నవ్వు గదంతా మోగింది.

తలుపు దాకా సాగనంపుతూ అతను మాస్టారిని మందలించాడు. "వదిన్ని ఒక వారం నోరు మెదపనివ్వకు, తెలిసిందా?"

ఆలుమగలు మొహమొహాలు చూసుకున్నారు.

చెబితే ఎక్కడ అతనికి చెయ్యాడక పని చెడిపోతుందోనని ఇద్దరూ అతని దగ్గర దాచిపెట్టారు, తెల్లవారితే ఆసుపత్రిలో గొంతులోని గడ్డతోపాటు ఆమె స్వరపేటిక మొత్తం తీసేస్తున్నారని.