ఆఖరి చెరువు చేపలు

"రాజుగారూ, ఆ నీళ్ళలో ఎగిరిందేంటండీ?"

మిల్లు మేనేజరు ఫణీంద్ర చెరువు గట్టు మీద నిలబడిపోయి అడిగాడు.

"బొచ్చె చేపండి," అన్నారు సూపర్‌వైజరు విశ్వనాథరాజు గర్వంగా. "అదింకా చిన్నదండి. పెద్దవి అడుగునుంటాయండి."

ఫణీంద్ర గుండెల్లో రాయి పడింది. అది చేపల చెరువు కాదు మరి. నరసాపురం అవతల సముద్రపు ఒడ్డున నల్ల ఇసుకని నూరి, యాసిడ్‌లో నానబెట్టి, అందులోంచి యురేనియం, వెనేడియం తీసే మిల్లు అది. పనంతా అయ్యాక మిగిలిన నీళ్ళని శుద్ధి చేసి ఒక చెరువులోంచి ఇంకో చెరువులోకి దించుకుంటూ వస్తారు. ఇది ఆఖరి చెరువు, ఇది దాటితే కాలవే. ఈ నీళ్ళు చూడ్డానికి తనిఖీ అధికారి మంజుషగారు ఈ పూటే వస్తున్నారు. ఆవిడ సంతకం పెడితే మిల్లు నడుస్తుంది, పెట్టకపోతే గేటుకి తాళం పడుతుంది.

భీమవరం మనిషికి నీళ్ళు కనిపిస్తే చేపపిల్ల వెయ్యకుండా చెయ్యి ఊరుకోదని ఆ చుట్టుపక్కల ఒక మాట ఉంది. హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చి వారమే అయినా ఆ మాట ఫణీంద్ర చెవిన పడనే పడింది. రాజుగారిది భీమవరం. చెరువుల మీద అజమాయిషీ కూడా ఆయనదే. ఇంకా విచారణ దేనికి?

"అది కాదండి, ఆ చేపలు ఎందుకేశామంటే..." అని రాజుగారు మొదలుపెట్టబోయారు.

ఫణీంద్ర చెయ్యి అడ్డం పెట్టేశాడు. యురేనియం మిల్లులో చేపల పెంపకమని పేపర్లో పడితే తన ఉద్యోగం, రాజుగారి ఉద్యోగం, ఈ మిల్లు మీద బతుకుతున్న ఇళ్ళన్నీ ఏమైపోతాయో ఏకరువు పెట్టాడు. మేడమ్ కారు గేటు దాటేలోపు చెరువులో చేప తోక కూడా కనిపించకూడదన్నాడు. పైగా ఆవిడది పెనుగొండ, కోడిగుడ్డు కూడా ముట్టని ఇల్లు. అందుకని గెస్ట్‌హౌస్‌లో పాత గిన్నెలన్నీ తీయించేసి కొత్తవి కొనిపించాడట. ఆ ఛాయలకి నీసు వాసన రావడానికి వీల్లేదన్నాడు.

"మరి వీటినేం చెయ్యమంటారండి?"

"చంపుతారో పూడుస్తారో మీ ఇష్టం. నాకు మాత్రం చెప్పకండి."

చంపమన్న మాటకి రాజుగారి ముఖం మాడిపోయింది. రోజూ తన చేత్తో తవుడు వేసి పెంచుకున్న చేపలవి. ఆయన అడుగుల చప్పుడు వింటే చాలు, గట్టు దగ్గరకి వచ్చేస్తాయి. అన్నిట్లోకీ పెద్దదానికి 'పెద్దల్లుడు' అని పేరు కూడా పెట్టుకున్నారు, ఎంత పెట్టినా చాలదంటుందని. ఆయన ప్యాంటు పైకి మడుచుకుని, వల పట్టుకుని నీళ్ళలోకి దిగారు. కూలీలు డ్రమ్ములు దొర్లించుకుని వచ్చారు. ఫణీంద్ర అటు చూడకుండా గేటు వైపు వెళ్ళిపోయాడు.

చెప్పిన టైముకే మంజుషగారు దిగారు. గెస్ట్‌హౌస్ వరండాలో కూర్చుని ఒక గుక్క తాగగానే కాఫీ చాలా బాగుందన్నారు. ఏం నీళ్ళని అడిగారు. గోదావరి నీళ్ళ మహిమండి అన్నాడు ఫణీంద్ర, ఆ గోదావరిని తనే తవ్వించినట్టు. ఆవిడ రెండో కప్పు పోయించుకుని, అది చేత్తో పట్టుకునే చెరువు గట్టు ఎక్కారు.

చెరువు కదలకుండా ఉంది. ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి బిస్కెట్టు తీసి, నలిపి నీళ్ళలో చల్లారు. చాలాసేపు చూశారు. ఆ పొడి తేలుతూనే ఉంది.

"చేపలేవండీ?"

"ఒక్కటి కూడా లేదండి," అన్నాడు ఫణీంద్ర రొమ్ము విరుచుకుని. "అలాంటివి మేం రానివ్వం."

"రానివ్వకపోవడం ఏంటండీ? మీ పర్మిషన్‌లో మొదటి షరతే అది. మీటరు తప్పు చూపించొచ్చు, చేప చూపించదు. ఇందులో చేపలు బతికితేనే ఈ నీళ్ళు కాలవలోకి వదలాలి."

పోయినసారి వచ్చినప్పుడు తను కళ్ళారా చూసిన చేపలు ఇప్పుడు లేవంటే నీళ్ళలో విషం ఉన్నట్టేనన్నారు. మిల్లు ఇవాళే మూయిస్తానని ఫోను తీశారు.

ఫణీంద్ర ఆవిడ ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టాడు. అవి చావలేదని, విషయం తెలియక తనే తీయించేశానని ఒప్పుకున్నాడు. తీయించి ఏం చేశారని ఆవిడ అడిగితే వల ఆరేసుకుని గట్టు మీదే నిలబడ్డ రాజుగారి వైపు తిరిగాడు.

"నాకు చెప్పొద్దని తమరే అన్నారు కదండీ," అన్నారు రాజుగారు.

చేపల్ని ప్రాణాలతో చూపిస్తే ఇక్కడే సంతకం పెడతానని, లేకపోతే తాళమేనని మంజుషగారు తేల్చేశారు.

"అన్నీ బతికే ఉన్నాయండి," అన్నారు రాజుగారు. "పెంచిన చేత్తో ఎలా చంపుతానండి? ఈ మిల్లు మొత్తంలో యాసిడ్ తగలని నీళ్ళు ఒక్క చోటే ఉన్నాయండి. అందులో వదిలానండి. పెద్దల్లుడైతే ఇల్లరికం వచ్చినట్టు హాయిగా తిరుగుతున్నాడండి."

ఫణీంద్రకి ప్రాణం లేచొచ్చింది. రాజుగారిని కావలించుకుందామన్నంత ప్రేమ పుట్టింది. మంజుషగారు కూడా నవ్వేసి, ఫోను బ్యాగులో పడేసి, కప్పులో మిగిలిన కాఫీ ఆఖరి చుక్క దాకా తాగేశారు.

"పదండి చూద్దాం. ఎక్కడున్నాయి?"

రాజుగారు ఆవిడ చేతిలోని ఖాళీ కప్పు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నారు.

"గెస్ట్‌హౌస్ మంచినీళ్ళ సంపులోనండి."